దొంగచాటు ఇష్టం: 1991 'మాస్' పాటలూ మన సిగ్గూ

1991 నాటి సినిమా పాటలంటే ఇప్పుడు అందరికీ ముద్దొస్తోంది. ఆనాడు 'చీప్' అని మొహం చిట్లించుకున్నవాళ్లే ఈనాడు 'ఆ రోజులే వేరండీ' అంటున్నారు. 'గ్యాంగ్ లీడర్'లో చిరంజీవి, విజయశాంతి ఆడిన వానపాటను 2012లో 'రచ్చ' కోసం చిరంజీవి కొడుకు రామ్‌చరణ్ మీద మళ్లీ తీశారు. ఇరవయ్యొక్క ఏళ్లలో చవకబారు పాట కాస్తా వారసత్వపు ఆస్తి అయి కూచుంది. ఎవరికి వారసత్వం? ఆ పాటను మొదట నెత్తిన పెట్టుకున్న నేలక్లాసు జనానికి మాత్రం కాదు. వాళ్లకి అప్పుడూ ఇప్పుడూ దక్కింది ఒక్కటే పేరు: 'మాస్'.

ఈ మాటను కాస్త గిల్లి చూడాలి. ఇంగ్లీషు మాటే గానీ మన సినిమాహాళ్లలో దాని అర్థం వేరు. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అంటూ టిక్కెట్టు ధరను బట్టి మనుషుల్ని కూచోబెట్టిన చోట బతికిన మాట అది. కులం పేరెత్తకుండానే కులాన్ని తెలియజేసే సౌకర్యం దాన్లో వుంది. 'మాలమాదిగల గోల' అనడానికి ఇప్పుడు నోరు రాని పెద్దమనిషి 'ఊరమాస్ పాట' అంటాడు. పాటని అన్నట్టే వుంటుంది, తగలాల్సినవాళ్లకి తగుల్తుంది.

చదువుకున్న మన పిల్లలకి ఈ పాటల పట్ల వున్నది ఇష్టం, దాని పక్కనే సిగ్గు. ఈ సిగ్గు రెండు వైపుల్నించి వచ్చింది. ఒకటి, అగ్రవర్ణ అభిరుచి. 1980లో వచ్చిన 'శంకరాభరణం' సంగీతం పాడైపోతోందని కన్నీరు పెట్టించింది. పాడుచేసింది పాశ్చాత్య సంగీతమట! శాస్త్రిగారి గడప అవతల తరతరాలుగా డప్పు కొట్టినవాళ్లు, బుర్రకథ చెప్పినవాళ్లు, చిందు ఆడినవాళ్లు ఆ దుఃఖంలో ఎక్కడా లేరు. రెండోది ఉద్యమాల నించి వచ్చింది. సినిమా పాట అంతా 'విషసంస్కృతి' అని విప్లవ సాంస్కృతికోద్యమం చెప్పింది. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. కానీ ఆచరణలో ఏం జరిగింది? సభలో గద్దర్ పాటకి గొంతు కలిపిన కుర్రాడే హాస్టల్ గదికొచ్చి టేప్‌రికార్డర్‌లో చిరంజీవి పాట పెట్టుకున్నాడు. మొదటి ఇష్టానికి చైతన్యమని పేరొచ్చింది. రెండోది దొంగచాటు వ్యవహారంగా మిగిలింది. రెండు చోట్లా కాలు కదిపింది ఒకే మనిషి కదా అని అడిగినవాళ్లు తక్కువ.

అసలు 'గ్యాంగ్ లీడర్' పాటల్లో ఏముంది? సంగీతం బప్పీలహరి. 2022 ఫిబ్రవరిలో చనిపోయాడు. ఆయన మనవాడేం కాదు, గాయకులైన అపరేశ్, బాంసురీ లాహిరీల కొడుకు, బెంగాలీ బ్రాహ్మడు. ఆయన పాటలో మొదట దరువు వస్తుంది, రాగం దాని వెంట నడుస్తుంది. తొడ మీద తాళం వేసుకుంటూ కూచుని వినే పాట కాదది. లేచి ఆడాల్సిన పాట. డిస్కో దరువూ డప్పు దరువూ ఒకటేనని నేననడం లేదు. అలాంటి తేలిక సిద్ధాంతాలు మనకి మేలు చెయ్యవు. అయితే పెళ్లి ఊరేగింపులో డప్పుకి ఆడిన కాళ్లు బ్యాండుమేళంలోకి ఈ పాట రాగానే దాన్ని వెంటనే గుర్తుపట్టాయి. ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

అదే 1991లో ఇళయరాజా 'కూలీ నెం.1' చేశాడు. అది కూడా మాస్ సినిమానే. దళిత కుటుంబంలో పుట్టిన ఇళయరాజా పాటకి రసజ్ఞులు రాగం పేరు వెతికి పెద్దపీట వేస్తారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన బప్పీలహరి పాటని చవకబారు అంటారు. అంటే పాట కులం కట్టినవాడి కులాన్ని బట్టి తేలడం లేదు. ఎవరు దానికి ఆడుతున్నారు, ఎక్కడ ఆడుతున్నారు అనేదాన్ని బట్టి తేలుతోంది. ఇళయరాజా పాట కచేరీ హాల్లోకి పోవాలంటే రాగం పేరు తోడు రావాలి, ఆ పేరుతో పాటే అది వచ్చిన పల్లె మరుగున పడాలి. ఇది పొగడ్త రూపంలో వచ్చే అంటరానితనం.

1991 అనగానే మనకి గుర్తుకు రావాల్సింది పాటలు మాత్రమేనా? ఆ జూలై 4న చుండూరు సినిమాహాల్లో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ఒక రెడ్డి యువకుడికి తగిలింది. అక్కణ్నించి దెబ్బలు, సాంఘిక బహిష్కరణ, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్య. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. కాలు సాకు మాత్రమే. చదువుకుని, మంచి బట్ట కట్టి, డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కుని పక్కన కూచోవడమే నేరం. సినిమాహాలు మనవాళ్లకి వినోదస్థలమే కాదు, గుడిలోకీ హోటల్లోకీ రానివ్వని ఊళ్లో డబ్బిస్తే చాలునని తలుపు తీసిన చోటు. లోపల కూచోవడానికి హక్కు సంపాదించినంత తేలిగ్గా, అక్కడ ఈలవేసినందుకు సిగ్గుపడమంటే ఎట్లా? 'గ్యాంగ్ లీడర్' ఆ మే నెలలో విడుదలైంది. దాని పాటలు మోగుతున్న నెలల్లోనే ఇదంతా జరిగింది. ఆ తర్వాత నాలుగేళ్లకి దళిత కవిత్వ సంకలనం వచ్చినప్పుడు దానికి 'చిక్కనవుతున్న పాట' అని పేరు పెట్టుకున్నాం. పాట అనే మాట మనకి అంత దగ్గరిది.

అలాగని కళ్లు మూసుకుని కావలించుకోమని కాదు. ఆ వానపాటనే చూడండి. కూలి ఇంట్లో వాన అంటే కారే కప్పు, పోయిన రోజుకూలి, లేదా నడుం విరిగే నాట్లు. తెరమీది వానకి పనితో సంబంధం లేదు. పని లేని వాన ఒక్క ఐదు నిమిషాలు దొరకడంలోని సుఖాన్ని నేను తక్కువ చెయ్యను. నాట్లేసే ఆడవాళ్లు సినిమా పాటలు పాడుకోవడంలోనూ ఈ సుఖమే వుంది. కానీ ఆ ఏటి పాటల్లో సగం ఆడపిల్లని ఏడిపించడమే ప్రేమ అని చెప్పాయి. హాల్లో ఈలవేసే స్వేచ్ఛ మగపిల్లలది. అదే ఈల బయట బస్టాండులో వినపడితే మన ఆడపిల్ల తల దించుకుని నడవాల్సి వచ్చింది. ఈ లెక్క తేల్చకుండా 'మన మాస్, మన పాట' అని జబ్బలు చరుచుకుంటే, చరుచుకునేది సగం మందే. ఇంకో లెక్క కూడా వుంది. 2008లో చిరంజీవి ప్రజారాజ్యం పెట్టినప్పుడు ఈ ఈలలే ఓట్లవుతాయని లెక్క కట్టారు. 2011లో పార్టీని కాంగ్రెసులో కలిపేటప్పుడు ఈలవేసినవాణ్ని ఎవరూ అడగలేదు.

ఇష్టాన్ని మనవాళ్లు వాడుకున్న పద్ధతి ఇంకోటుంది, దాన్ని విమర్శకులు పట్టించుకున్నది తక్కువ. ఏప్రిల్ 14 వస్తే పేటల్లో సినిమా బాణీలకి అంబేద్కర్ మీద మాటలు కట్టి పాడతారు. చర్చిల్లోనూ ఇదే పద్ధతి. దీన్ని 'కాపీ' అంటారు. పల్లెపదాన్ని సినిమావాళ్లు ఎత్తుకుపోతే మాత్రం 'జానపద స్ఫూర్తి'! హీరో కోసం కట్టిన బాణీలో బాబాసాహెబుని కూచోబెట్టడం కాపీ కాదు, జప్తు. అందులో అన్నీ గొప్ప పాటలేం కావు. కొన్నిటిలో మాట బాణీకి అతకదు, కొన్నిటిలో పొగడ్త తప్ప ఇంకేం వుండదు. కానీ ఏ బాణీని ఎంచుకున్నారు, అసలు పాటలో హీరోయిన్‌ని ఏడిపించిన చోట ఏ మాట పెట్టారు అనేది చదవాల్సిన విషయం. పీహెచ్‌డీకి విషయం వెతుక్కుంటున్న పిల్లలెవరైనా వుంటే, ఆ పాటలు రాసుకున్న నోటుపుస్తకాల కోసం ముందు తమ పేటలోనే అడగొచ్చు.