‘ది ఇన్ఫార్మర్’ చిత్రంలో అంతర్యుద్ధం, ద్రోహం: ‘మా భూమి’తో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
జాన్ ఫోర్డ్ దర్శకత్వంలో 1935లో వచ్చిన ‘ది ఇన్ఫార్మర్’ హాలీవుడ్ నలుపు తెలుపు నేరచిత్రాల్లో ప్రసిద్ధమైనది. కథాకాలం 1922 అని ప్రకటించినా, ఆనాటి ఐర్లండు అంతర్యుద్ధాన్ని ఈ చిత్రం తెరపై చూపదు. దీనివల్ల ద్రోహమనే కథావస్తువు అర్థం ఎలా మారిందో తెలంగాణ సాయుధ పోరాటాన్ని చిత్రించిన ‘మా భూమి’ (1979)తో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ది ఇన్ఫార్మర్, మా భూమి, అంతర్యుద్ధం, ద్రోహం, అనుసరణ.

1. ఉపోద్ఘాతం:
1922 తెలుగువారికి మన్యం పోరాటం మొదలైన సంవత్సరం. ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై దాడి చేశాడు. అక్కడ శత్రువు ఎవరన్న విషయంలో సందేహం లేదు. 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రానికి ఆ స్పష్టతే బలం. అదే ఏడాది ఐర్లండు పరిస్థితి వేరు. బ్రిటన్‌తో 1921 జూలైలో కాల్పుల విరమణ, డిసెంబరులో ఒప్పందం జరిగాయి. ఒప్పందాన్ని అంగీకరించినవారికీ తిరస్కరించినవారికీ మధ్య 1922 జూన్ 28న మొదలైన అంతర్యుద్ధం 1923 మే వరకు సాగింది. నిన్న ఒకే పక్షాన పోరాడినవారే పరస్పరం తుపాకులు ఎక్కుపెట్టారు.

2. నవల నుంచి చిత్రానికి:
చిత్రానికి మూలం లియం ఓఫ్లాహెర్టీ 1925లో ప్రచురించిన నవల. రచయిత అంతర్యుద్ధంలో ఒప్పంద వ్యతిరేకుల పక్షాన నిలిచినవాడు. నవలలో పోలీసులు వెతికే ఫ్రాంకీ, వ్యవసాయ కూలీల సమ్మె సమయంలో రైతుసంఘం కార్యదర్శిని చంపినవాడు. అతడిది కమ్యూనిస్టు విప్లవ సంస్థ. వెతుకుతున్నది స్వదేశీ ప్రభుత్వమే. స్క్రీన్‌ప్లే రచయిత డడ్లీ నికొల్స్ ఈ అమరికను మార్చాడు. విప్లవ సంస్థ స్థానంలో ఐరిష్ రిపబ్లికన్ సైన్యం, స్వదేశీ పోలీసుల స్థానంలో ‘బ్లాక్ అండ్ టాన్స్’ అనే బ్రిటిష్ బలగాలు వచ్చాయి. ఒప్పందం తరువాత ఐర్లండు విడిచివెళ్ళిన బలగాలవి. అంటే కథకు అంతర్యుద్ధపు తేదీ మిగిలింది, శత్రువు మాత్రం అంతకుముందటి యుద్ధంలోని పరాయివాడు.

3. ఇరవై పౌన్ల ద్రోహం:
సంస్థ వెలివేసిన జిపో నోలన్ ఆకలితో ఉన్నాడు. ప్రియురాలు కేటీ వీధిలో నిలబడవలసిన దుస్థితి. అమెరికా ఓడ టికెట్ ఒక్కొక్కరికి పది పౌన్లు. ఫ్రాంకీ ఆచూకీకి బహుమతి ఇరవై పౌన్లు. బహుమతి ప్రకటన కాగితం గాలికి కొట్టుకొచ్చి జిపో కాలికి చుట్టుకొంటుంది. సమాచారం అందాక అధికారి ఆ డబ్బును చేత్తో ఇవ్వక, కర్రతో ముందుకు నెడతాడు. జోసెఫ్ ఆగస్ట్ ఛాయాగ్రహణంలో పొగమంచు, నీడలు జిపో అంతరంగానికి రూపమిచ్చాయి. విక్టర్ మెక్‌లాగ్లెన్ నటనకు ఆస్కార్ లభించడం సముచితమే.

అయితే చిత్రం జూడాస్ ప్రస్తావనతో మొదలై, చర్చిలో ఫ్రాంకీ తల్లి క్షమాపణతో ముగుస్తుంది. ఆ క్షమ నవలలోనూ ఉంది. కాని అక్కడ ఒక పేదవాడు మరో పేదవాడిని తమ దేశపు ప్రభుత్వానికే అమ్మాడు. ఆ ద్రోహం ఎవరిపట్ల జరిగిందో పాఠకుడే తేల్చుకోవాలి. శత్రువు పరాయివాడు కాగానే ఆ ప్రశ్న మూసుకుపోయి, ద్రోహం దేశద్రోహంగా, పాపంగా మాత్రమే మిగిలింది.

4. ‘మా భూమి’ ఎంచుకున్న మార్గం:
కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ కూడా నలుపు తెలుపు చిత్రమే. ఇందులో నిజాం, రజాకార్లతోనే కథ ముగిసి ఉంటే ప్రేక్షకుడికి సుఖమైన ముగింపు దొరికేది. చిత్రం అక్కడ ఆగలేదు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత దొర తిరిగి వస్తాడు. రామయ్య భారత సైన్యం చేతిలో మరణిస్తాడు. 1951 అక్టోబరు వరకు సాగిన పోరాటంలోని కఠిన దశను, అంటే స్వదేశీ ప్రభుత్వంతో ఘర్షణను, చిత్రం దాటవేయలేదు.

5. ముగింపు:
శిల్పంలో ‘ది ఇన్ఫార్మర్’ సాధించిన సాంద్రతను ‘మా భూమి’ కోరలేదు. కాని చరిత్ర వేసిన ప్రశ్నను నిలబెట్టడంలో తెలుగు చిత్రానిదే పైచేయి. నవలలను తెరకు అనుసరించే క్రమాన్ని అధ్యయనం చేసేవారు సంఘటనల చేర్పులు, తొలగింపులతో ఆగకుండా, శత్రువు స్థానంలో ఎవరిని నిలిపారో కూడా గమనించాలి. ఆ స్థానం మారితే ద్రోహి ముఖం అదే అయినా ద్రోహం అర్థం మారుతుందని ఈ రెండు చిత్రాలు నిరూపిస్తున్నాయి.