పంపింగ్ బాగుందన్నాక

ఎకో చేయించిన ప్రతి ఇంట్లోనూ మొదట అడిగే మాట ఒక్కటే: "పంపింగ్ ఎంతుంది?" లివర్ మార్పిడికి ముందు మా బాబాయికి పరీక్షలు చేయిస్తున్నప్పుడు నేనూ అదే అడిగాను. 65 శాతం అన్నారు. హమ్మయ్య అనుకుని లేవబోయాను. డాక్టరమ్మ మాత్రం ప్రోబ్ కింద పెట్టలేదు. ఆ తర్వాత ముప్పావు గంట ఆవిడ చేసిన పని గురించే ఈ నాలుగు మాటలు.

ముదిరిన సిర్రోసిస్‌లో గుండె చూడ్డానికి దిట్టంగానే ఉంటుంది. నైట్రిక్ ఆక్సైడ్ వంటి పదార్థాలు పెరిగి పొట్టలోని రక్తనాళాలు వదులైపోతాయి. దాంతో గుండెకు ఎదురు తగ్గుతుంది. ఏటివాలుకు పడవ వేసేవాడి రెక్కల బలం ఒడ్డున నిలబడ్డవాడికి ఏం తెలుస్తుంది? 65 అనే అంకె కూడా అలాంటిదే.

1953లోనే బోస్టన్‌లో కొవాల్‌స్కీ, ఏబెల్‌మన్ అనే ఇద్దరు వైద్యులు సిర్రోసిస్ రోగుల గుండె ఊరికే పడుకుని ఉన్నప్పుడు కూడా మామూలు కంటే ఎక్కువ రక్తం తోస్తోందని కొలిచి చూపారు. ఒత్తిడి పెడితే అదే గుండె తడబడుతోందని తర్వాత తేలింది. చాలాకాలం ఆ నింద మద్యం మీదే పడింది. మద్యం ముట్టనివాళ్ళలోనూ, పిత్తనాళం కట్టేసిన ఎలుకల్లోనూ అదే నీరసం కనిపించాక, లివర్ జబ్బే గుండెను ఇలా మారుస్తోందని ఒప్పుకోక తప్పలేదు. సిర్రోటిక్ కార్డియోమయోపతి అని దానికి పేరు. అడ్రినలిన్ పిలుపును అందుకునే బీటా గ్రాహకాలు గుండె కండరంలో తగ్గిపోవడం ఇందుకు ఒక కారణం. మా బాబాయి చుక్క ముట్టని మనిషి. షుగరు, లివర్‌కు పట్టిన కొవ్వు ఆయన్ని ఆ బల్ల మీదికి తెచ్చాయి.

"అంకుల్, ఎడమ పక్కకి తిరగండి. ఊపిరి వదిలేసి అలాగే ఉండండి." కడుపులో నీరు పైకి నెట్టడం వల్ల ఆయన గుండె కాస్త అడ్డంగా ఒరిగి ఉంది. మామూలు చోట బొమ్మ రాలేదు. ఆవిడ ప్రోబును ఒక పక్కటెముక పైకి జరిపింది. తెర మీద చక్కని బొమ్మ కనపడింది. నాకైతే అది చాలు. ఆవిడ దాన్ని చెరిపేసింది! గుండె కొసను ప్రోబ్ ఏటవాలుగా కోస్తే గది పొట్టిగా, గుండ్రంగా కనపడుతుందట. కదలకుండా ఉండాల్సిన కొస లోపలికి ముడుచుకుంటున్నట్టు తోస్తుంది. ఆ బొమ్మలో కొలిస్తే నీరసపడ్డ కండరం కూడా బలంగా తేలుతుంది. మూడో బొమ్మకు గానీ ఆవిడ తల ఊపలేదు. ఆయాసపడే మనిషి ఊపిరి బిగబట్టగలిగే ఆ నాలుగైదు సెకన్లలోనే ఇదంతా.

ఇంత పట్టుదల స్ట్రెయిన్ అనే కొలత కోసం. కండరంలో సహజంగా మెరిసే నలుసులను కంప్యూటర్ ఫ్రేము ఫ్రేముకూ వెంటాడి, గుండె నిలువునా ఎంత శాతం కురచవుతోందో లెక్క కడుతుంది. ఈ గుండె జబ్బును గుర్తించడానికి 2005లో మాంట్రియల్‌లో నిపుణులు పెట్టుకున్న నియమాల్లో ఈ కొలత లేదు. గుండె సడలింపును వాళ్ళు రెండు రక్తప్రవాహ అలల నిష్పత్తితో తేల్చేవారు. ఒంట్లో నీరు పెరిగినా తగ్గినా ఆ నిష్పత్తి మారిపోతుంది. తరచూ నీరు తీయించుకునే రోగికి అది ఏం ఆధారం? 2020లో వచ్చిన కొత్త నియమాలు ఆ లోపాన్ని సరిదిద్దాయి. స్ట్రెయిన్ 18 కంటే తగ్గకూడదన్నాయి. సడలింపు కోసం మైట్రల్ కవాటం అంచు వెనక్కి జరిగే వేగాన్ని నేరుగా కొలవమన్నాయి. గదుల మధ్య గోడ వైపు అది సెకనుకు 7 సెంటీమీటర్ల కంటే తగ్గితే అనుమానించాలి. అయితే దాన్నొక్కదాన్నే నమ్మకుండా, నాలుగు కొలతల్లో కనీసం మూడు చెడితేనే సడలింపు దెబ్బతిందనమన్నాయి. జాగ్రత్తగా చెక్కిన పని అది. రోగిని తొందరపడి పక్కకు నెట్టదు, ఊరికే వదిలేయదు కూడా.

చివర్లో బుడగల పరీక్ష. త్రీ వే కొళాయికి రెండు సిరంజిలు తగిలించి, 9 మిల్లీలీటర్ల సెలైనుకు 1 మిల్లీలీటరు గాలి కలిపి, నర్సమ్మ అటూ ఇటూ గబగబా తోసింది. నీరు పాలనురుగులా తెల్లబడగానే చేతి నరంలోకి ఎక్కించింది. తెర మీద కుడి గదులు మంచు కమ్మినట్టు నిండిపోయాయి. ఆ బుడగలు ఊపిరితిత్తుల సన్నని నాళాల్లోనే ఆగిపోవాలి. గుండె మూడుసార్లు కొట్టుకునేలోపే ఎడమ వైపు కనపడితే గుండె గోడలో రంధ్రం ఉన్నట్టు. ఆ తర్వాత వస్తే, లివర్ జబ్బు వల్ల ఊపిరితిత్తుల్లో నాళాలు వెడల్పయినట్టు. డాక్టరమ్మ పెదవులు కదిలాయి: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు... ఎడమ వైపు నల్లగానే ఉంది.

ఆవిడ రాసిన రిపోర్టు ఎవరి కోసమో మర్నాడు తెలిసింది. కొత్త లివర్‌కు రక్తం వదిలే క్షణాన చల్లటి, ఆమ్లమూ పొటాషియమూ నిండిన రక్తం ఒక్కసారిగా గుండె మీద పడుతుంది. బీపీ దభాలున జారిపోవచ్చు. ఆ నిమిషాన్ని కాచుకోవాల్సింది మత్తు డాక్టరు. ఆయన రిపోర్టు మొత్తం చదివి, జేబులో పెన్ను తీసి ఒకే అంకె చుట్టూ సున్నా చుట్టాడు. స్ట్రెయిన్: 17. 65 జోలికి పోలేదు.