భోగి మంటకి దక్కని కుర్చీ

ధనుర్మాసం సగంలోకి వచ్చేసరికి మా సీలేరు కాలనీ పిల్లలకి ఏ ఇంట్లో ఏ కుర్చీ కుంటుతోందో, ఏ పెరట్లో తలుపు చెక్క ఊరికే పడి ఉందో నోటికి వచ్చేస్తుంది. భోగి మంట కోసం వాళ్ల సన్నాహం అది. ఈసారి మా వరండాలోని చేతుల కుర్చీ మీద కన్నుపడింది. ‘‘ఆంటీ, దానికి ఒక కాలు లేదు కదా, ఇచ్చేయండి’’ అని వచ్చారు. కాలుంది. కుసి బెజ్జంలోంచి ఊడి వచ్చిందంతే. విరగడం వేరు, ఊడడం వేరు అని చెబితే వాళ్లకి నచ్చలేదు. పక్కింటికి వెళ్లారు.

పాత సామాను తగలబెట్టడం భోగి ఆచారమంటాం. సరే, ఇప్పుడు మనం వేస్తున్నవేమిటో ఒకసారి చూడండి. సన్‌మైకా అతికించిన ప్లైవుడ్, పార్టికల్ బోర్డు అల్మారా తలుపులు. వాటిలో చెక్కపొట్టుని పట్టి ఉంచేది ఫార్మాల్డిహైడ్ కలిసిన జిగురు. కాలిస్తే కళ్లు మండే పొగ. చలి కాచుకుంటూ పిల్లలు పీల్చేది ఆ పొగే. ఈ రకం సామాను కాల్చకూడదు. అసలైన కర్ర సామాను కాల్చబుద్ధి కాకూడదు. మరి మంటలో ఏం వేస్తారంటే, పిడకలూ ఎండు కొమ్మలూ ఎక్కడికి పోయాయి? పిడకల దండ గుచ్చడానికి బద్ధకించిన వాళ్లే కుర్చీలు వేస్తారని మా అత్తయ్య ఏటా అంటారు. నాకూ అదే అనుమానం.

మా ఊరి సంగతి తెలియని వాళ్లకి రెండు మాటలు. నర్సీపట్నం నుంచి చింతపల్లి, గూడెం కొత్తవీధి, ధారకొండ మీదుగా వచ్చి ధారాలమ్మ ఘాట్ దాటితే సీలేరు. ఎగువన మాచ్‌ఖండ్ అని పిలిచే నదే ఇక్కడ సీలేరై, దిగువన శబరిలో కలుస్తుంది. 1960లలో ఎగువ సీలేరు విద్యుత్కేంద్రంతో పాటు ఈ కాలనీ లేచింది. ఇప్పుడా కేంద్రం 240 మెగావాట్లు, కింద మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు 460, నడుమ డొంకరాయి 25. ఇంత కరెంటు పుట్టే చోట మనుషులు మాత్రం నిలవరు. ఇది బదిలీల ఊరు. ఆర్డరు రాగానే గిన్నెలూ బట్టలూ సర్దుకుంటారు గానీ, బీరువా లాంటి బల్లని ఘాట్ ఎక్కించే ఓపిక ఎవరికుంటుంది? పక్క క్వార్టర్ వాళ్లకి ఇచ్చేసి పోతారు. అలా సామాను ఊళ్లోనే ఉండిపోతుంది, యజమానులు మారుతుంటారు. మా కుర్చీని కండెమ్ అయిన సామాను వేలంలో ఎవరో ఎప్పుడో పాడుకున్నారట. వాళ్లు ఇంకొకరికిచ్చారు, ఆ ఇంకొకరు మాకిచ్చారు. వీపు చెక్క వెనక తెల్ల రంగుతో రాసిన స్టోర్సు నెంబరు ఇంకా కనబడుతోంది.

దానికి పైనుంచి కింది వరకు ముదురాకుపచ్చ ఎనామిల్. రంగు చూడగానే గరుకు కాగితం అందుకోవడం చాలామందికి అలవాటు. పాత రంగుల విషయంలో అది మంచిది కాదు. మన దేశంలో ఇళ్లకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1 నుంచే. అంతకుముందు వేసిన ఆకుపచ్చల్లో, పసుపుల్లో, ఎరుపుల్లో ఎంత సీసముందో చూసి చెప్పగలవాళ్లు లేరు. పొడిగా రుద్దితే ఆ ధూళి ఇల్లంతా పరుచుకుంటుంది, పాకే పిల్లల చేతులకి అంటుకుంటుంది. అందుకే తడిపి గీకాలి, ఆరుబయట గీకాలి, గీకిన రంగు పెళ్లల్ని కాగితంలో చుట్టి విడిగా పారేయాలి. ఆ పెళ్లల్ని మంటలో వేయడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

రంగు పోయాక అడుగున ఎర్రగోధుమ కర్ర కనబడింది. నేను టేకు అనుకుని సంబరపడ్డాను. మా మేస్త్రి తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఆ గుడ్డ నా ముందు పెట్టాడు. పసుపు దిగింది. ‘‘వేగిసమ్మా. టేకైతే గుడ్డకి ఇలా దిగదు’’ అన్నాడు. షుగర్ ఉన్నవాళ్లు రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగుతారే, ఆ చెక్క గ్లాసులు చేసేది ఈ కర్రతోనే. కాళ్ల దగ్గర కొట్టిన ఇనుప మేకుల చుట్టూ నల్లటి వలయాలున్నాయి. కర్రలోని వగరుకీ ఇనుముకీ తడి తగిలితే పుట్టే నలుపు అది. కరక్కాయ కషాయంలో ఇనుప ముక్క వేస్తే నల్లసిరా అవుతుందే, ఇదీ అలాంటిదే. ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లు రాస్తే చాలా వరకు పోతుంది. నేను పోనివ్వలేదు. ఎవరో బాగుచేయబోయి మేకు కొట్టిన సంగతి ఆ వలయం చెబుతోంది, చెప్పనిద్దాం అనిపించింది. స్టోర్సు నెంబరునీ అలాగే వదిలేశాను. అన్నీ గీకేసి కొత్త పెళ్లికూతుర్ని చేస్తే ఇక పాత కుర్చీ ఎందుకు, నర్సీపట్నంలో కొత్తది కొనుక్కోవచ్చు.

ఊడిన కాలి దగ్గర జరిగింది నాకు బాగా నచ్చింది. కుసికి అంటుకున్న పాత జిగురు పెళుసుగా, ముదురు బెల్లం రంగులో ఉంది. తోళ్లూ ఎముకలూ ఉడికించి చేసే పాతకాలం జిగురు. మేస్త్రి వేడినీళ్లలో గుడ్డ ముంచి దాని చుట్టూ చుట్టాడు. కాసేపటికి మెత్తబడి, వేలితో లాగితే సాగింది. మిగతా మూడు కాళ్లనీ అలాగే తడిపి ఊడదీశాడు. బాగున్న కాళ్లెందుకయ్యా అంటే, ‘‘ఒకటి వదులైందంటే మిగతావి కూడా బయల్దేరినట్టేనమ్మా’’ అన్నాడు. ఒక్క పేడు కూడా లేవలేదు. ఇదే ఇప్పటి తెల్ల జిగురుతో అతికించిన కుర్చీ అయితే, ఊడదీయబోతే ముందు చీలేది కర్రే. పాతవాళ్లు కుర్చీని మళ్లీ విప్పేవాడు ఒకడుంటాడని తెలిసి చేశారన్నమాట. మళ్లీ బిగించేటప్పుడు క్లాంపులు లేవు. నాలుగు కాళ్ల చుట్టూ తాడు కట్టి, మధ్యలో కర్రముక్క దూర్చి మెలిపెట్టి, అది తిరిగిపోకుండా అడ్డుపట్టీకి ఆనించాడు. మర్నాటిదాకా దాన్ని ముట్టనివ్వలేదు.

ఇక పాలిష్. మా దగ్గర దీనికి కాలం ఉంది: కార్తీక పౌర్ణమి వెళ్లాక మొదలుపెట్టి శివరాత్రిలోపు ముగించాలి. వానాకాలంలో వేస్తే పాలిష్ మీద తెల్లటి పొర కమ్ముతుంది. స్పిరిట్ చటుక్కున ఆవిరవుతూ చెక్కని చల్లబరుస్తుంది, గాలిలోని చెమ్మ ఆ చల్లదనం మీద వాలి పొరలో చిక్కుకుంటుంది. శీతాకాలంలోనైనా పొగమంచు విడిచి, ఎండ చురుక్కుమన్నాకే డబ్బా మూత తీయాలి, పొద్దు వాలకముందే కట్టేయాలి. తలుపులూ సొరుగులూ పట్టేశాయని శ్రావణంలో చిత్రిక పట్టించేవాళ్లని చూస్తే జాలేస్తుంది. కర్ర పొడవునా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది, మాఘం వచ్చేసరికి మళ్లీ తగ్గుతుంది. అప్పుడా తలుపు గాలికి టపటప కొట్టుకుంటుంది. సొరుగు అంచులకి కొవ్వొత్తి ముక్క రుద్ది అందాకా ఓపిక పట్టండి.

నేను వాడేది లక్క రేకులు కరిగించిన స్పిరిట్ పాలిష్. లీటరు స్పిరిట్‌కి 150 గ్రాముల రేకులు వేసి రాత్రంతా నానబెట్టి, పొద్దున పల్చటి గుడ్డలో వడకడతాం. కొంచెం దూదిని పాత ధోవతి ముక్కలో పెట్టి ఉండలా చుట్టి, లోపలి దూదికి పాలిష్ పోసి, పైగుడ్డలోంచి ఊరేది మాత్రమే చెక్కకి తగిలేలా లాగాలి. గుడ్డ పట్టేస్తుంటే ఒక్క చుక్క నూనె. పూత మందంగా వేస్తే త్వరగా అయిపోతుందనుకుంటారు, అవదు. పల్చగా వేసి, ఆరనిచ్చి, అరిగిపోయిన 220 నెంబరు కాగితంతో గాలి తగిలినట్టు రుద్ది, మళ్లీ వేయాలి. నాలుగో పూత దాకా ఏమీ కనబడదు. ఐదో పూతకి వేగిస కర్రలోని గీతలు నీళ్లడుగు రాళ్లలా పైకి తేలతాయి. అక్కడ ఆపడం తెలియాలి. మేస్త్రికి అద్దంలా మెరవాలి. నాకు అద్దం అద్దంలోనే బాగుంటుంది. ఇద్దరం కొంచెం వాదించుకుని, చేతుల మీద తేనెమైనం రుద్ది మెరుపు తగ్గించాం.

ఈ లక్క మన అడవులకి కొత్తది కాదు. మోదుగ, రేగు లాంటి చెట్ల లేత కొమ్మల మీద చిన్న పురుగులు వేల సంఖ్యలో చేరి, రసం పీల్చి, తమ చుట్టూ కట్టుకునే గూడే లక్క. కొమ్మ మీది ముద్దని గీకి, కడిగి, కరిగించి పల్చగా సాగదీస్తే రేకులవుతాయి. 1924లోనే దీనికోసం రాంచీ దగ్గర నామ్‌కుంలో పరిశోధన సంస్థ పెట్టారంటే అప్పటి గిరాకీ ఊహించుకోండి. గ్రామఫోన్ రికార్డులు సైతం లక్కతోనే చేసేవారు. మన వైపు లక్క గొప్పతనం చూడాలంటే కొండ దిగి వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక వెళ్లాలి. అంకుడు కర్ర లేతుమీద తిరుగుతుంటే లక్క పుల్ల ఆనిస్తారు, రాపిడి వేడికి అది కరిగి కర్రకి పట్టేస్తుంది. పసుపు, నీలిమందు లాంటి సహజ రంగుల్ని ఆ లక్కలోకి మళ్లీ తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకి 2017లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మా సంక్రాంతి బొమ్మల కొలువులో ఏటికొప్పాక బొమ్మలకి పై మెట్టు. ఆ మెట్లు ఈసారి పాత పుస్తకాల అల్మారా అరలతో చేశాం. పక్క చెక్కలకి చెదలు పట్టాయి గానీ అరలు పనస కర్ర, గట్టిగా ఉన్నాయి. పనస పాతబడితే ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది. ఒక్కసారి చిత్రిక పట్టగానే పనస తొనలాంటి పసుపు బయటపడింది. దానికి రంగు వేయాలన్న మా అబ్బాయి కోరికని అక్కడే తుంచేశాను. పండగయ్యాక మెట్లు విప్పి పేర్చేస్తే వంటింటి గట్టు కింద పడతాయి.

చుట్టుపక్కల గూడేల్లోని సామానుకి పాలిష్ ఊసే లేదు. కొండకమ్మర్లు చెక్కిచ్చిన పీట పొయ్యి దగ్గర ఏళ్ల తరబడి ఉండి, పొగకీ కూర్చున్న వాళ్ల ఒంటికీ అదే నిగనిగలాడుతుంది. పొయ్యి మీది అటక పొగలో ఉన్న వెదురు బుట్టని పురుగు ముట్టదు. చైత్రంలో ఇటుకల పండగకి ముందు ఎర్రమట్టితో గోడలు అలికేటప్పుడు మంచాల తాళ్లు కూడా బిగిస్తారు. అడ్డతీగ నారతో పేనిన తాడుని నీళ్లలో నానబెట్టి తడిమీదే లాగితే ఆరాక మంచం మోగుతుంది. మా నులక మంచానికి నాదీ అదే పద్ధతి. కత్తిపీట చెక్కకి వలిసె నూనె. మెల్లగా ఆరే రకం గనక పట్టినంత పట్టించి మిగిలింది తుడిచేయాలి, లేకపోతే జిగట వదలదు.

లక్క పాలిష్ మీద అందరూ చెప్పే ఫిర్యాదు నిజమే. వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్లటి గుండ్రం పడుతుంది. కానీ స్పిరిట్ తగిలీ తగలనట్టు తడిపిన గుడ్డతో తుడిస్తే చాలా మచ్చలు పోతాయి, పోకపోతే అక్కడికక్కడ మరో పూత. ఇప్పుడందరూ వేయిస్తున్న పీయూ పాలిష్ గట్టిది, మచ్చ పడదు. ఒకసారి గీత పడిందంటే మాత్రం దాన్ని స్పిరిట్ కరిగించలేదు, మొత్తం గీకి మొదట్నుంచి రావాలి. సొంతిల్లు కట్టుకుని అక్కడే స్థిరపడే వాళ్ల లెక్క వేరు. నాలుగేళ్లకో కుటుంబం చేతులు మారే మా కుర్చీలకి, తర్వాత వచ్చేవాళ్లు సీసాడు స్పిరిట్‌తో, గుక్కెడు వేడినీళ్లతో బాగుచేసుకోగల పూతా అతుకూ కావాలని నా వాదన.

ఎదురింటివాళ్లు ఆరుబయటి ఉయ్యాల బల్లకి కూడా లక్కే వేయమంటారా అని అడిగారు. వద్దన్నాను. మా జల్లులకి అది ఒక్క వానాకాలం ఆగదు. దానికి పీయూనే వేయించుకోమని, అదీ ఫిబ్రవరిలోపే కానివ్వమని చెప్పాను. మేస్త్రి ప్రస్తుతం వాళ్లింట్లోనే ఉన్నాడు.