ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుంది?

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016లో దోస్త్ అనే ఆన్‌లైన్ విధానంలోకి మారాయి. ఇంటర్ పాసైన విద్యార్థి ఆధార్‌తో లింకైన మొబైల్‌కు వచ్చే ఓటీపీతో పేరు నమోదు చేసుకోవాలి, ఫీజు కట్టాలి, వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. సీటు వచ్చాక గడువులోగా మళ్లీ లాగిన్ అయి సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు పోతుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవ, ఫీజు రీయింబర్స్‌మెంటుకు ఈపాస్, క్రెడిట్లు జమచేసుకోవడానికి ఏబీసీ ఐడీ. ఇన్ని గడపలు దాటాకే కాలేజీ గేటు.

చాలామంది ఈ గడపలు సొంతంగా దాటరు. వీధి చివర నెట్ సెంటర్ అతనే ఆప్షన్లు పెడతాడు, లాగిన్ పిన్ కూడా అతనే పెడతాడు, అది అతని నోటుబుక్కులోనే ఉండిపోతుంది. మూడో ఆప్షన్‌గా ఏ కాలేజీ పడిందో అడిగితే విద్యార్థి దగ్గర జవాబుండదు. దోస్త్ సహాయ కేంద్రాలు ఉన్నాయి గానీ అవి పని చేసిపెడతాయి తప్ప చేయడం నేర్పవు. అడ్మిషన్ల హడావిడిలో నేర్పే తీరిక ఎవరికీ ఉండదు కూడా. అందుకే డిజిటల్ అక్షరాస్యతలో తొలి పాఠం మొదటి సంవత్సరం మొదటి వారంలోనే పడాలి: సొంత ఈమెయిల్, తనకే తెలిసిన పాస్‌వర్డ్, తన చేతిలో ఉన్న డిజిలాకర్.

సికింద్రాబాద్‌లో ఈ మాట వింతగా వినిపించవచ్చు. జంట నగరాల్లో కంప్యూటర్ సామాను కొనాలంటే అందరూ వచ్చేది పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కే. సీటీసీ అంటే ఆటో అతనికీ తెలుసు. 1959 నాటి సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల, 1976లో అల్వాల్‌లో మొదలైన లయోలా అకాడమీ, వెస్ట్ మారేడ్‌పల్లిలోని కస్తూర్బా గాంధీ కళాశాల, సర్దార్ పటేల్ రోడ్డులోని ఉస్మానియా పీజీ కాలేజీ అన్నీ ఈ చుట్టుపక్కలవే. వస్తువుకు కరువు లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటాకూ కరువు లేదు. కానీ జాతీయ గణాంక కార్యాలయం 2017-18లో జరిపిన 75వ విడత సర్వేలో దేశంలోని ఇళ్లలో 23.8 శాతానికి ఇంటర్నెట్ ఉంటే, కంప్యూటర్ ఉన్నవి 10.7 శాతమే. ఇంటర్నెట్ ఉన్న ఇళ్లలో సగానికి పైగా వాటిలోకి అది కంప్యూటర్ లేకుండానే, ఫోన్ మీద వచ్చిందన్నమాట. ఆ ఇళ్ల పిల్లలే ఇప్పుడు కాలేజీలో ఉన్నారు.

ఫోన్ చాలా నేర్పుతుంది, కొన్ని నేర్పదు. రీల్స్ నిమిషంలో ఎడిట్ చేసే చెయ్యి, దాచిన ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో వెతకలేక ఆగిపోతుంది. అసైన్‌మెంట్ అంటే నోటుబుక్కు పేజీల ఫొటోలు వాట్సాప్‌లో పంపడమే అనుకుంటారు. సబ్జెక్టు లైనుతో ఈమెయిల్ రాయడం, ఎక్సెల్‌లో మొత్తాన్ని చేత్తో కూడి టైపు చేయకుండా ఫార్ములా వేయడం, రెండు వెర్షన్లలో ఏది తాజాదో గుర్తించడం కీబోర్డు ముందు గంటలు గడిపితే తప్ప రావు. నగరంలో మంచి గిరాకీ ఉన్న బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ కోర్సులో చేరినా ఆ గంటలు దొరుకుతాయన్న హామీ లేదు. ల్యాబ్ పీరియడ్‌లో ఒక్కో సిస్టమ్ ముందు ఇద్దరు కూర్చుంటే ఒకరు చేస్తారు, ఒకరు చూస్తారు. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లే చొరవగా మౌస్ అందుకుంటారు. లేనివాళ్లు మూడేళ్లూ చూస్తూనే డిగ్రీ పూర్తిచేస్తారు.

దీనికి మందు కొత్త ల్యాబ్ కాదు, ఉన్న ల్యాబ్ తాళం. చాలాచోట్ల ల్యాబ్ టైంటేబుల్‌లోని పీరియడ్‌కే తెరుచుకుంటుంది, సాయంత్రం స్టాఫ్‌తో పాటే మూతపడుతుంది. మేడ్చల్ నుంచో ఘట్‌కేసర్ నుంచో వచ్చే విద్యార్థి బస్సు వేళకు కట్టుబడి ఉంటాడు, సాయంత్రం ఆగలేడు. ఉదయం తరగతులకు ముందు గంట, మధ్యాహ్నం భోజనాల వేళ తెరిచి ఉంచితే అతనికి పనికొస్తుంది. సిస్టమ్ పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతోనే తాళం పడుతుంది. అది కంప్యూటర్ విభాగం భయం. పుస్తకాలు ఇచ్చి తీసుకోవడం అలవాటైన లైబ్రేరియన్ చేతికి తాళం ఇచ్చి, పక్కన ఒక సీనియర్ విద్యార్థిని కూర్చోబెడితే ఆ భయం చాలావరకు తీరుతుంది. లెక్చరర్‌ను అడగడానికి సిగ్గుపడే ప్రశ్న సీనియర్‌ను అడగడానికి ఎవరూ వెనకాడరు.

లైబ్రేరియన్ పేరెత్తడానికి ఇంకో కారణం ఉంది. కాలేజీల కోసం యూజీసీకి చెందిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ 2010లో తెచ్చిన ఎన్-లిస్ట్ ద్వారా 6,000కు పైగా ఈ-జర్నళ్లు చదవవచ్చు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీకి ఈమెయిల్ ఉంటే చాలు. 2017లో వచ్చిన స్వయం ఆన్‌లైన్ కోర్సులు వినడానికి ఖర్చు లేదు, పరీక్ష రాసి క్రెడిట్లు కూడా కలుపుకోవచ్చు. కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ పరిశీలన వేళ ఈ పేర్లన్నీ నివేదికలో వరసగా కనిపిస్తాయి. విద్యార్థి దగ్గర లాగిన్ ఉందా అని అడిగేవాళ్లు తక్కువ.

పాత సిస్టమ్‌ల సంగతి వేరు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆపేసింది, పాత ల్యాబుల్లోని కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. వాటిని తుక్కుకు వేయనక్కర్లేదు, లినక్స్ వేస్తే ఇంకొన్నేళ్లు నడుస్తాయి. హైదరాబాద్ కేంద్రంగా 2005 నుంచి పనిచేస్తున్న స్వేచ్ఛ అనే సంస్థ ఇంజనీరింగ్ కాలేజీల్లో విద్యార్థులతో గ్లగ్ అనే లినక్స్ బృందాలు నడుపుతోంది. డిగ్రీ కాలేజీలు వాళ్లను పిలవడమే ఆలస్యం. సీటీసీలో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనే విద్యార్థికీ ఇదే వర్తిస్తుంది. పైమెరుగు చూసి మోసపోకుండా బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో, హింజ్ వదులైందో, హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ ఉందో లేదో చూసుకోవాలి.

తెలుగు విషయంలో కాలేజీలు సొంత చేతులతో ఒక గోడ కట్టుకున్నాయి. నోటీసులు, ప్రశ్నపత్రాలు ఇప్పటికీ అను ఫాంట్లలో టైపు చేయిస్తారు. ఆ ఫైలు ఫాంటు లేని ఫోన్‌లో పిచ్చి గీతలుగా కనిపిస్తుంది, వెతికితే దొరకదు. అన్ని పరికరాలూ చదవగలిగే యూనికోడ్‌లో మాత్రం 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే తెలుగు ఉంది. అందులో టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అదనపు ఖర్చు లేకుండా విండోస్‌లోనూ లినక్స్‌లోనూ వస్తుంది. పది రోజుల సాధనతో చేతికి వచ్చే విద్య ఇది, తెలుగు శాఖే దీన్ని నేర్పితే అందంగా ఉంటుంది.

యూనికోడ్ ప్రయోజనం అందరికంటే ముందు తెలిసేది చూపులేని విద్యార్థికి. ఆస్ట్రేలియాలో 2006లో అంధ యువకుడు మైకేల్ కరన్ మొదలుపెట్టగా మరో అంధ యువకుడు జేమ్స్ టే చేయి కలిపిన ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ తెలుగు కూడా చదివి వినిపిస్తుంది. అయితే నోట్సును ఫొటో తీసి పీడీఎఫ్ చేసి పంపితే దానికి అది ఖాళీ కాగితమే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. ఇక్కడ ఆ చట్టాన్ని పాటించడమంటే నోట్సు టైపు చేసి పంపడమే.

చివరిది డబ్బు సంగతి. స్కాలర్‌షిప్ పేరుతో చాలామందికి మొదటి బ్యాంకు ఖాతా, దాంతో యూపీఐ వస్తాయి. మోసగాళ్లు క్యాంపస్ వైపు చూసేదీ అప్పుడే. ఓటీపీ అడగడం పాతబడింది. ఇప్పుడు ఖాతానే అద్దెకు అడుగుతున్నారు: ఏటీఎం కార్డు, సిమ్ ఇస్తే నెలకింత అని. ఎవరిదో దోచుకున్న సొమ్ము ఆ ఖాతా గుండా వెళితే పోలీసులు ముందుగా వచ్చేది ఖాతాదారు ఇంటికే. పార్ట్‌టైమ్ పని అనుకున్నానంటే కేసు ఆగదు. ఖాతా ఎవరికీ ఇవ్వకూడదని చెప్పడంతో పాటు, మోసపోతే 1930కి ఎలా ఫోన్ చేయాలో, లావాదేవీ నంబరు ఎక్కడ చూడాలో తరగతిలో ఒకసారి చేసి చూపించాలి. డబ్బు తర్వాతి ఖాతాకు పాకకముందు మొదటి గంటల్లో ఫిర్యాదు అందితేనే బ్యాంకులు దాన్ని ఆపగలుగుతాయి.