గట్టు, కొండ, పహాడ్: కవిత్వం వినే చెవి

సూర్యాపేట పక్కనున్న చివ్వెంల మండలంలో ఎత్తైన నేలకు మూడు మాటలున్నాయి. దురాజ్‌పల్లి దగ్గర రెండేళ్లకోసారి లింగమంతుల జాతర జరిగేది పెద్దగట్టు మీద. ఇంకో ఊరు ఉండ్రుగొండ. మరో ఊరు వట్టిఖమ్మంపహాడ్. గట్టు, కొండ తెలుగు మాటలు. పహాడ్ మా ఇళ్లలో మాట్లాడే మాట. ఆ ఊరికి బస్సెక్కే మనిషి పహాడ్ అంటే ఏమిటని కండక్టర్ని అడగడు. అదే మాట ఒక ముస్లిం కవి రాసిన తెలుగు కవితలోకి వస్తే మాత్రం "ఇదేం తెలుగు? కింద అర్థం రాయండి" అంటారు. ఊరి పేరులో ఒదిగిన మాట కవితలో ఎందుకు ఒదగదు?

కవిత్వానికి పునాదులైన రూపం, శబ్దం, అలంకారం గురించి బళ్లో అందరం చదువుకున్నాం. యతి, ప్రాస, ఉపమ, రూపకం అని లెక్కపెట్టి నేర్పారు. ఆ లెక్క ఎవరి చెవిని ప్రమాణంగా పెట్టుకుని కట్టారన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలింది. స్త్రీవాద కవిత్వం 1993లో 'నీలిమేఘాలు'గా, దళిత కవిత్వం 1995లో 'చిక్కనవుతున్న పాట'గా సంకలనాలై వచ్చాయి. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చింది. ఈ కవిత్వంలోని వస్తువు గురించి చర్చ బాగానే జరిగింది. శిల్పం దగ్గరికి వచ్చేసరికి రెండే ఫిర్యాదులు వినబడ్డాయి: నినాదప్రాయంగా ఉంది, ఉర్దూ పదాలు ఎక్కువ. కొందరు మిత్రులు ఇంకాస్త ఉదారంగా "బాధ నిజమైనది, శిల్పం తర్వాత చూద్దాం" అన్నారు. ఆ మినహాయింపు మాకు అక్కర్లేదు. శిల్పాన్నే చూద్దాం, ఇప్పుడే చూద్దాం.

మొదట శబ్దం. 'జల్‌జలా' అంటే ఉర్దూలో భూకంపం. తెలుగు చెవికి అదే శబ్దం జలజల పారే నీరు, జలజల రాలే కన్నీరు. ఒక భాషలో నేల కదులుతుంది, ఇంకో భాషలో కన్ను కారుతుంది. రెండు భాషల్లోనూ బతికే తెలుగు ముస్లిం చెవికి రెండూ ఒకేసారి వినబడతాయి. కూలిన గోడ, దాన్ని చూసి ఏడ్చిన కన్ను, రెండూ ఒక్క మాటలో ఇమిడాయి. ఒక శబ్దం రెండర్థాలిస్తే మన అలంకారశాస్త్రం దాన్ని శ్లేష అంటుంది. పింగళి సూరన 'రాఘవపాండవీయం'లో రామాయణ భారతాలను ఒకే పద్యాల్లో నడిపిస్తే ఔరా అన్నాం. రెండు భాషలు ఒక శీర్షికలో పలికితే ఆ శ్లేషను ఎవరూ ఎందుకు లెక్కలోకి తీసుకోలేదు? కింద "జల్‌జలా: భూకంపం" అని పాదసూచిక వేస్తే అర్థం దక్కుతుంది, కన్నీరు పోతుంది.

'జల్‌జలా'లో మొదటి అక్షరం కూడా అసలు మన జ కాదు. పళ్ల మధ్య గాలి రాచుకుంటూ వచ్చే శబ్దం అది. తెలుగు లిపిలో దానికి వేరే గది లేదు కనక జనం, జలం పక్కన కూర్చుంది. అలాగే అరబ్బీ నుంచి వచ్చిన 'ఖాఫ్' అక్షరాన్ని ఉత్తరాది ఉర్దూ గొంతు అడుగు నుంచి క లాగా పలుకుతుంది. మన దక్కనీ దాన్ని ఖ లాగా పలుకుతుంది. అందుకే మన కవి కలాన్ని 'ఖలం' అని రాస్తాడు. ఇది ఉర్దూ కాదని అటువైపు పండితుడు నవ్వుతాడు, తెలుగు కాదని ఇటువైపు పండితుడు విసుక్కుంటాడు. ఈ ఇద్దరి మధ్య నలిగే దక్కనీలోనే హైదరాబాద్ నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవిత్వం రాశాడు. అతని తండ్రి ఇబ్రహీంను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. తొలి అచ్చతెలుగు కావ్యం, పొన్నగంటి తెలగన 'యయాతి చరిత్ర', అంకితమైంది అమీన్‌ఖాన్‌కు. మేం నవాబుల వారసులమని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. మాలో ఎక్కువమంది దూది ఏకి, గాజులమ్మి, కూలికెళ్లి బతికినవాళ్లు, ఈ నేల కులాల్లోంచే వచ్చినవాళ్లు. అచ్చతెలుగు అన్న ఆలోచనకే ఒక ముస్లిం ఇంటి గడప సాక్ష్యం ఉందని గుర్తుచేయడమే ఉద్దేశం.

ఈ కలయిక దర్బార్లకే పరిమితమైంది కాదు. పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా పుణ్యమా అని మా ప్రాంతంలో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అనే పేర్లు ప్రతి ఊళ్లో వినిపిస్తాయి. అరబ్బీ మాటకు తెలుగు బహువచనం తగిలి, అమ్మ తగిలి, రెడ్డి తగిలి పేర్లయ్యాయి. రైతుకు పహాణీ కావాలి, జమాబందీ తెలుసు, బాకీ తెలుసు, వసూలు మరీ బాగా తెలుసు. శిస్తు కట్టడానికి పనికొచ్చిన భాష దుఃఖం చెప్పుకోవడానికి పనికిరాదా?

ఇక రూపం. తెలుగు వృత్తాల్లో, కందంలో, ద్విపదలో ప్రాస పాదం మొదట్లో ఉంటుంది. ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. గజల్లో దీనికి తలకిందులు. షేర్‌లో రెండు పాదాలుంటాయి. పాదం చివర మారకుండా తిరిగొచ్చే మాట రదీఫ్. దానికి ముందు ఒకే తీరుగా మోగే మాట కాఫియా. మొదటి షేర్ మత్లాలో రెండు పాదాలకూ ఇవి ఉండాలి, తర్వాతి షేర్లలో రెండో పాదానికి చాలు. 'పేరు', 'వేరు', 'ఏరు' అనే మూడు మాటలు తీసుకోండి. పాదాల మొదట్లో పెడితే రెండో అక్షరం ర కనక తెలుగు ప్రాస కుదిరింది. పాదాల చివర 'ఉంది' అనే మాట ముందు పెడితే అవే మాటలు కాఫియా అయ్యాయి, 'ఉంది' రదీఫ్ అయింది. పైగా 'వేరు' అంటే చెట్టుకు పట్టు, 'వేరు' అంటే పరాయి. మా బతుకు మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. తెలుగు చెవి పాదం గడప దాటి లోపలికి వచ్చేటప్పుడు వింటుంది, ఉర్దూ చెవి పాదం సెలవు తీసుకునేటప్పుడు వింటుంది. రెండు చోట్లా వినగలిగిన చెవికి నష్టమేముంది?

నినాదం అన్న ఫిర్యాదును ఇక్కడే పరీక్షించాలి. వచన కవితలో పాదం చివర ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తే అది నినాదమే కానక్కర్లేదు, రదీఫ్ జ్ఞాపకం కావచ్చు. తేడా కనుక్కోవడం ఎలా? రదీఫ్‌లో మాట మారదు, కానీ దాని ముందున్న కాఫియా మారుతుంది కనక ప్రతిసారీ అర్థం కొంచెం జరుగుతుంది. 'పేరు ఉంది' అన్నప్పటి 'ఉంది' వేరు, 'ఏరు ఉంది' అన్నప్పటి 'ఉంది' వేరు. మాట తిరిగొచ్చినా అర్థం ఉన్నచోటనే ఉంటే విమర్శకుడు నినాదమనే అనాలి, మేమూ ఒప్పుకుంటాం. తిరిగొచ్చిన ప్రతిసారీ కొత్త బరువు మోస్తుంటే దాన్ని నినాదమన్న విమర్శకుడు చెవి పెట్టలేదన్నమాట.

పునరుక్తికి ఇంకో పుట్టిల్లు పీర్ల పాట. క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో జరిగిన కథ నల్లగొండ పల్లెల్లో మొహర్రం రాత్రుల్లో తెలుగు పాటగా వినబడుతుంది. ఒకరు అందుకుంటారు, అలావా చుట్టూ తిరిగే గుంపు జవాబిస్తుంది. హసన్, హుస్సేన్ పేర్లలో హకారాలు రాలిపోయి, అసన్, ఉసేన్ మన పల్లె నోటికి చుట్టాలవుతారు. అడుగు పడే చోట డప్పు దెబ్బ, దెబ్బ పడే చోట మాట. మాట పొట్టిదైతే అచ్చును సాగదీస్తారు, పొడుగైతే మింగేస్తారు. మాత్రలను కాళ్లతో లెక్కపెట్టే ఛందస్సు అది. ఆ గుంపులో మాల, మాదిగ, గొల్ల, గౌండ్ల అందరూ ఉంటారు. పెద్దగట్టు జాతరలో భేరీ దరువుకు, గజ్జెల లాగుల గలగలకు అడుగు కలిపేవాళ్లలోనూ వాళ్లే ఉంటారు. ఒకే కాళ్లు రెండు దరువులు నేర్చాయి. పాల్కురికి సోమన మార్గ ఛందస్సును పక్కనపెట్టి దేశి ద్విపదను చేతికి తీసుకున్నప్పుడు రూపమే ఒక పక్షమైంది. ముస్లిం కవి పీర్ల పాట నడకను కవితలోకి తెచ్చుకుంటే అదీ అలాంటి పక్షమే.

అలంకారాలు కూడా అమాయకమైనవి కావు. "తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే ముల్లా" అన్న సామెత నోటికి సులువుగా తిరుగుతుంది. ఆ సులువులోనే దాని విషముంది. ఒకే వాక్యం దూదేకులను ముస్లింలుగా తక్కువ చేస్తుంది, ముస్లింలను ఊరికి బయటివాళ్లను చేస్తుంది. నెలవంక శివుడి తల మీద ఆభరణం, కావ్యనాయికకు నుదురు. మాకు అది నెల రోజుల ఆకలికి ముగింపు. ఒకే వస్తువు, వేరే జ్ఞాపకం. 'పుట్టుమచ్చ' అనే ప్రతీక బలమూ ఇక్కడే ఉంది. మచ్చ అంటే కళంకం. పుట్టుమచ్చ అంటే అడగకుండా వచ్చిన గుర్తు. మనిషి చేయని నేరాన్ని పుట్టుకకు అంటగట్టే సమాజాన్ని ఆ ఒక్క సమాసం నిలదీస్తుంది. దాంట్లో ఒక్క ఉర్దూ మాట లేదని గమనించండి.

ఆ గమనింపు మా కవులకు కూడా పనికొస్తుంది. అత్తరు, బురఖా, షేర్వాణీ, సేమియా వరసగా పేర్చినంత మాత్రాన కవిత ముస్లిం జీవితం కాదు. అది బయటివాడు కోరుకునే నుమాయిష్. ఉర్దూ మాట తీసేసి తెలుగు మాట పెట్టి చూడాలి. ఏమీ కూలకపోతే ఆ మాట అలంకరణే. 'రోజా' తీసేసి 'ఉపవాసం' పెట్టండి. పాలూ పళ్లూ తీసుకునే ఉపవాసం తెలుగు పాఠకుడికి గుర్తొస్తుంది, తెల్లవారకముందు నుంచి పొద్దుగుంకేదాకా గుక్కెడు నీళ్లు కూడా తాగని గొంతు గుర్తురాదు. అక్కడ కవిత కూలుతుంది. అలా కూలే చోట ఉన్న మాట ఉండాల్సిందే, ఏ సంపాదకుడు అడిగినా తీయకూడదు. షాజహానా 2005లో తన కవితా సంపుటికి 'నఖాబ్' అని పేరు పెట్టింది. దాన్ని 'ముసుగు' అని మార్చి చూడండి. ముసుగు దొంగకూ ఉంటుంది. నఖాబ్‌లో ఒక ఆడమనిషి ముఖం ఉంది.

హుజూర్‌నగర్ తెలుగు పల్లెలు 1952లో ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్‌ను శాసనసభకు పంపాయి. ఆ ఓటర్లు పాదసూచికలు అడగలేదు. ఆ మనిషి ఎవరి పక్షాన నిలబడ్డాడో వాళ్లకు తెలుసు.

తెలుగు ఛందస్సులో యతికి ఇంకో మాట యతిమైత్రి. పాదం మొదటి అక్షరానికీ యతిస్థానంలోని అక్షరానికీ స్నేహం ఉండాలన్నది నియమం. క, ఖ, గ, ఘలు మిత్రులు. చ, ఛ, జ, ఝలకు శ, ష, సలు మిత్రులు. క వచ్చి ఖ అయిపోవాలని ఏ లాక్షణికుడూ చెప్పలేదు. ఎవరి పలుకు వారిదిగా ఉంచుకుని ఒకే పాదంలో నిలబడటమే అక్కడ మైత్రి. మా ఖలం తెలుగు కవిత్వాన్ని అడుగుతున్నది అంతకంటే ఎక్కువేం కాదు.