మన నవల ఏ భాషలో మాట్లాడాలి?

సీతంపేట నుంచి మందస దాకా మన కొండల్లో కథలు, కవితలు రాసే పిల్లలు ఇప్పుడు కనిపిస్తున్నారు. మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ లాంటి కథల పుస్తకం చేతికొచ్చాక ‘మన ఊరి సంగతీ కథ అవుతుంది’ అన్న నమ్మకం కలిగింది. నవల మాట ఎత్తితే మాత్రం రెండే ప్రశ్నలు అడుగుతారు. అంత పెద్దది ఎలా రాయాలి మాస్టారూ? రాస్తే ఎవరు అచ్చు వేస్తారు? మూడో ప్రశ్న ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు. మన నవల్లో మన మనుషులు ఏ భాషలో మాట్లాడాలి? నాలుగేళ్లుగా ఒక నవల రాస్తూ, దిద్దుతూ, పత్రికలకు పంపుతూ ఉన్నవాడిగా నాకు తోచింది చెబుతాను.

ముందు, నవల ఎందుకు? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కూలిన కొబ్బరి చెట్ల ఫొటోలు అన్ని పేపర్లలోనూ వచ్చాయి. అదే గాలికి కొండవాలున జీడితోట పోగొట్టుకున్న సవర కుటుంబాన్ని తీసుకోండి. జీడిమొక్క మళ్లీ నాటితే కాపు మొదలవడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది, నిండు కాపుకి ఇంకా ఎక్కువ. అన్నేళ్లూ ఆ ఇల్లు ఎలా నడిచింది? ఎవరు వలస పోయారు? ఎవరి చదువు ఆగింది? కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో పప్పు ఒలవడానికి ఎవరు దిగొచ్చారు? సాహుకారు దగ్గర ఏం కుదువ పెట్టారు? వార్త ఒక్క రోజుది. కథ ఒక సంఘటనను పట్టుకుంటుంది. చెట్టు మళ్లీ కాసేదాకా మనిషి పక్కన కూర్చోవాలంటే నవలే కావాలి.

మన పొరుగు కొండల మీద అలాంటి పెద్ద నవల ఎప్పుడో వచ్చింది. గోపీనాథ్ మహంతి ఒడియాలో 1945లో ‘పరజా’ రాశారు. కోరాపుట్ కొండల్లో సుక్రు జాని అనే పరజా రైతు, అతని ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. అడవి గార్డు కన్ను కూతురి మీద పడుతుంది, జరిమానా పడుతుంది. జరిమానా కట్టడానికి అప్పు, అప్పు తీర్చడానికి ‘గోతి’ చాకిరి, చివరికి భూమి కూడా సాహుకారు పాలు. ఒక చిన్న జరిమానా ఒక ఇంటిని ఎలా మింగుతుందో మెట్టు మెట్టుగా చూపించిన నవల అది. టీచర్లు తప్పకుండా చదవాలి. అప్పు ఎలా పనిచేస్తుందో అంత స్పష్టంగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు.

అయినా అది చదువుతుంటే నాకొక వెలితి తెలుస్తుంది. మహంతి ప్రభుత్వాధికారి. ఆ కొండల్లో తిరిగాడు, ఆ మనుషులను ప్రేమించాడు, సందేహం లేదు. కానీ అడవీ, వెన్నెలా, ఆటపాటా ఆయనకు ఆశ్చర్యం. వాటి దగ్గర వర్ణన ఆగి నిలబడుతుంది. మనకు అడవి ఆశ్చర్యం కాదు. అడ్డాకులు కోసే చోటు, చీపురు పుల్లలు తెచ్చే చోటు, ఎలుగు తిరిగే చోటు. ఆ చూపులో రాసిన పేజీ వేరేగా ఉంటుంది. తెలుగులో సాహు, అల్లం రాజయ్య రాసిన ‘కొమురం భీం’ (1983) గోండుల మధ్య తిరిగి, విని రాసిన నవల. దానికి మనం రుణపడి ఉన్నాం. విని రాసినదాని తర్వాత, బతికినవాళ్లు రాసేది రావాలి.

అలా వచ్చిన నవల కేరళలో ఉంది. మల అరయ తెగకు చెందిన నారాయణ్ తపాలా శాఖ ఉద్యోగి. బయటివాళ్ల రాతల్లో తనవాళ్లు కనబడిన తీరు నచ్చక, తనే కలం పట్టి ‘కొచ్చరేత్తి’ రాశాడు. అది అచ్చుకావడానికి ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. 1998లో అచ్చయింది. మరుసటి ఏడాదే కేరళ సాహిత్య అకాడమీ అవార్డు, 2011లో ఇంగ్లీషు అనువాదం. అందులో కుంజిపెణ్ణు, కొచ్చురామన్ అనే దంపతుల జీవితం ఉంటుంది. పంట, కాన్పు, వ్యాపారి మోసం, పిల్లల బడి, పట్నం వైద్యం. వీరులూ లేరు, జాలిపడమని అడిగే మాటా లేదు. ఉద్యోగం చేసుకుంటూ రాసినవాడు, ఆగినవాడు, ఆగినా రాత మార్చనివాడు. మన పిల్లలకు చెప్పదగ్గ కథ ఇదే.

ఇప్పుడు ఆ మూడో ప్రశ్న. బయటివాళ్లు రాసిన చాలా కథల్లో, సినిమాల్లో సవర మనిషి ముక్కలు ముక్కలుగా తెలుగు మాట్లాడతాడు. ఆఫీసరు ముందు మాట్లాడితే సరే, నిజమే అనుకుందాం. కానీ తన తల్లితో కూడా ఆ విరుగు తెలుగే మాట్లాడిస్తారు! ఇంట్లో ఆమెతో మాట్లాడేది సవర కదా. సవరలో అతను తడబడడు. సామెత వేస్తాడు, వెటకారం ఆడతాడు, తిడతాడు, ఊరడిస్తాడు. ఆ మాటను తెలుగులోకి తెచ్చేటప్పుడు నిండైన తెలుగే రాయాలి. అదే మనిషి సంతలో సాహుకారుతో మాట్లాడినప్పుడు మాట తగ్గిపోవాలి. ఇంట్లో అంత మాటకారి ఇక్కడ ఎందుకు నోరు విప్పడం లేదో అప్పుడు పాఠకుడికి అర్థమవుతుంది. అధికారం ఎలా ఉంటుందో ఈ తేడా ఒక్కటే చూపిస్తుంది. ఉపన్యాసం అక్కర్లేదు.

జాతాపుల సంగతి వేరు. వాళ్లలో ఎక్కువమంది తెలుగే మాట్లాడతారు. అది సిక్కోలు తెలుగు. ‘నాను’, ‘గుంటడు’ అనడం విరుగు తెలుగు కాదు, అది నిండు భాషే. దాన్ని సవర మనిషి తడబాటుతో కలిపేయకూడదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకున్నారు, 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. వాడుక తెలుగు కోసం పోరాడిందీ ఆయనే. ఏ భాషనైనా మాట్లాడేవాళ్ల నోట విని నేర్చుకోవాలన్న పాఠం ఆ రెండు పనుల్లోనూ ఉంది.

ఇక అచ్చు సంగతి. ఒకప్పుడు వారపత్రికల సీరియళ్లు నవలా రచయితలను తయారుచేసేవి. ఆ దారి ఇప్పుడు చాలావరకు మూసుకుపోయింది. మన జిల్లాలో కథకు ఇల్లుంది. బడిపంతులుగా బతికిన కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం కట్టారు. నవలకు అలాంటి ఇల్లు లేదు. మిగిలినవి మూడు దారులు. ఒకటి పోటీలు. చంద్రలత ‘రేగడి విత్తులు’, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ తానా పోటీల్లో గెలిచి అందరికీ తెలిశాయి. రెండు, ప్రభుత్వ పథకాలు. 2021లో మొదలైన పీఎం యువ పథకంలో 30 ఏళ్లలోపు రచయితలను ఎంపిక చేసి, నెలకు 50 వేల చొప్పున ఆరు నెలలు ఇచ్చి, నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకం వేసింది. ఇలాంటి ప్రకటనలు వచ్చినప్పుడు పిల్లలకు చెప్పాల్సింది టీచర్లే. మూడు, సొంత డబ్బుతో వేసుకోవడం. డెమ్మీ సైజులో 16 పేజీలకు ఒక ఫారం, 200 పేజీలంటే పన్నెండున్నర ఫారాలు. డీటీపీ చేయించే ముందు ఒక జాగ్రత్త. ఫోన్‌లో యూనికోడ్‌లో కొట్టింది అను ఫాంట్లలోకి మారిస్తే వత్తులు చెదురుతాయి. సవర మాటలు మరీ చెదురుతాయి. ప్రూఫు మనమే చదువుకోవాలి.

డబ్బుకంటే పెద్ద బేరం ఇంకోటుంది. నా నవలలో కొన్ని అధ్యాయాలు చదివిన ఒక సంపాదకుడు, ‘సంత బాగుంది, భాష సాపు చెయ్యండి, అన్నలను కాస్త పెట్టండి’ అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, అమ్ముడుపోయేది చెప్పాడు. మా కొండల్లో అన్నల చరిత్ర ఉంది, నిజమే. నా కథలో ఆ ఇంటికి వాళ్లు రాలేదు. రాని మనుషులను పిలిస్తే ఇంట్లో ఉన్నవాళ్లు మూలకు పోతారు. నేను పెట్టలేదు, ఆ అచ్చు పోయింది. సంపాదకుడు ‘ఈ అధ్యాయం సాగింది’ అంటే వినాలి, కొట్టేయాలి. ‘ఈ తల్లి ఇలా మాట్లాడదు’ అంటే మాత్రం ఆ తల్లి ఎవరో మనకే తెలుసు.

పెద్దది రాయడానికి భయపడేవాళ్లు కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ చదవండి. ఒక ముసలివాడు, ఈనిన పంది, అడవి, అంతే. చిన్న నవల, అయినా నవలే. పోడు ఒక్కరోజులో కొట్టం కదా. వారానికి రెండు పేజీలు రాస్తే ఏడాదికి వంద దాటుతాయి. రాసిన ప్రతి అధ్యాయాన్నీ పట్నానికి పంపే ముందు చదువురాని మన ముసలివాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు నవ్వాల్సిన చోట నవ్వకపోతే, అక్కడ దిద్దండి.