శ్రవ్యరూపకవిచారము: ‘ది చైమ్స్ ఆఫ్ మిడ్‌నైట్’

కావ్యము దృశ్యమనియు శ్రవ్యమనియు ద్వివిధమని లాక్షణికులు విభజించిరి. చూడఁబడునది గావున రూపమనియు, నటునియందు రామాదుల యవస్థ యారోపింపఁబడును గావున రూపకమనియు దశరూపకకారుఁడు రెండు పేళ్లకు రెండు హేతువులు చెప్పియున్నాఁడు. ఇట్లుండఁగా వేషము లేక, రంగము లేక, పాత్రల సంభాషణములచేతను గొన్ని ధ్వనులచేతను మాత్రమే నడచు రచనను నే కోటిఁ జేర్పవలయును? శ్రవ్యకావ్యమందమన్నఁ గవి తాను జెప్పు వర్ణన యొక్కవాక్యమైన నందుండదు. దృశ్యమందమన్నఁ జూచుట కేమియు లేదు. మద్రాసు రేడియోకేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను బ్రసారము లారంభించినది మొదలు రేడియోనాటకమను పేరు తెలుఁగువారి వ్యవహారమున స్థిరపడినది. కాని పేరు ప్రచారమున నున్నంతమాత్రమున లక్షణము కుదిరినదనుటకు వీలులేదు.

ఈ విచారమునకుఁ దగిన లక్ష్య మొకటి యాంగ్లభాషయందుఁ గలదు. బి.బి.సి. వారి ‘డాక్టర్ హూ’ అను విజ్ఞానకల్పనాత్మకమైన టెలివిజన్ ధారావాహిక 1963 నవంబరు 23వ తేదీని మొదలై 1989లో నిలిచిపోయెను. 1996లో నొక చిత్రము మాత్రము టెలివిజన్‌లో వెలువడెను. అందు నాయకపాత్రను బాల్ మెగాన్ ధరించెను. ధారావాహిక మరల 2005లోఁ గాని యారంభము గాలేదు. నడుమ నున్న శూన్యమున 1999 మొదలు బిగ్ ఫినిష్ అను సంస్థవా రనుమతి వడసి యా కథలను గేవలధ్వనిరూపమున నడపిరి. కంటి కొక్కమాఱు కనఁబడి మఱుఁగుపడిన మెగాన్ పాత్రము 2001 మొదలు చెవికి మాటిమాటికి వినఁబడఁజొచ్చెను. అట్టి రూపకములలో రాబర్ట్ షీర్మన్ రచించిన ‘ది చైమ్స్ ఆఫ్ మిడ్‌నైట్’ 2002లో వెలువడినది. నాలుగు భాగములు గలది.

దీని వస్తువును దెలియుటకు దీనికిఁ బూర్వకథయగు ‘స్టార్మ్ వార్నింగ్’ను దెలియవలయును. ఆర్ 101 అను నాంగ్లేయుల వాయునౌక భరతఖండమునకుఁ బయనమై కరాచీ చేరవలసినదై, 1930 అక్టోబరు 5వ తేదీ తెల్లవాఱకమునుపే ఫ్రాన్సుదేశమున బోవే పట్టణసమీపమునఁ గూలి దగ్ధమయ్యెను. 54గురిలో 48గురు మరణించిరి. ఇది చరిత్ర. ఆ నౌకలోఁ బురుషవేషముతో నెక్కిన చార్లీ పొలార్డ్ అను యువతి తక్కినవారితోఁ జావవలసినదే యనియు, కాలమున సంచరింపఁగల డాక్టరు జాలిచే నామెను రక్షించెననియుఁ గల్పన. ప్రఖ్యాతవృత్తమున నుత్పాద్యమును నతికిన మిశ్రమని యాలంకారికులు దీని నంగీకరింతురు. ఆమె చావు చరిత్రకు సిద్ధము, బ్రదుకు కథకు సిద్ధము. ఈ వైరుద్ధ్యమే రెండవ కథకు బీజము.

డాక్టరును జార్లీయు 1906వ సంవత్సరమునఁ గ్రిస్మసు పండుగకు ముందటిరాత్రి యొక సంపన్నగృహపు వంటశాలాప్రాంతమున దిగుదురు. అందున్నవారందఱు సేవకులే: పరిచారకాధికారి, వంటలక్క, కారు నడపువాఁడు, దొరసానికడ దాసి, అందఱకంటెఁ దక్కువదియగు నంట్లుతోము పిల్ల ఈడిత్. గడియారము గంట గొట్టినప్పుడెల్ల నొక్కరు చచ్చుచుందురు. మొదటఁ జచ్చునది ఈడిత్. తక్కినవా రసంభవములైన కారణములు చెప్పుకొని, పండుగనాఁటి పిండివంట గుఱించి ముచ్చటించుచుందురు. పండ్రెండు గొట్టఁగానే కాలము వెనుకకుఁ దిరిగి పదిగంట లగును. చచ్చినవారు మరల బ్రదికి యా మాటలే మరలఁ బలుకుదురు. ఈ సేవకుల పేళ్లలోఁ గొన్ని 1971 మొదలు 1975 వఱకు నడచిన ‘అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్’ అను మఱియొక టెలివిజన్ ధారావాహికలోఁ బనిచేసినవారివి. ఎఱిఁగినవారి కది చమత్కారము. ఎఱుఁగనివారికి నష్టము లేదు.

ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికమని యభినయము నాలుగు తెఱఁగులు. శ్రవ్యరూపకమున నాహార్యము సర్వము పోయినది. ఆంగికమున నడుగుల చప్పుడు, తలుపు మూయు చప్పుడు మిగులును. సాత్త్వికము లెనిమిదింటిలో స్వేదము, రోమాంచము, వైవర్ణ్యము చెవి కందవు. స్వరభేదము పూర్ణముగా నందును. వేపథువును నశ్రువును గంఠముననే తెలియవలయును. స్తంభప్రళయములు మౌనమున లీనము లగును. సర్వభారము వాచికముపైఁ బడుచున్నది. తక్కువ నేర్పు గల రచయిత యిట్టియెడఁ బాత్రలచేతనే వర్ణన చేయించును. “అదిగో నీవు కత్తి యెత్తుచున్నావు” అన్న తీరుమాటలు రేడియోనాటకములకెల్ల నంటుజాడ్యము. షీర్మన్ దీనిఁ దప్పించుకొన్నవిధము మెచ్చఁదగినది. కథ గాఢాంధకారమున నారంభమగును. పాత్రలకే యేమియుఁ గనఁబడదు గాన వారు తడవి చెప్పుకొనుట సహజ మయినది. శ్రోతకు లేనిది పాత్రకును లేదు. కాలము వెనుకకుఁ దిరుగుటను దృశ్యమున గడియారపుముండ్లు చూపి తెలుపుదురు. ఇచ్చట విన్నమాటనే మరల వినుటయే కాలము తిరిగినదనుటకు లింగము. పునరుక్తి దోషమని బాలురకు నేర్పుదుము గాని, యిం దది కథాశరీరమే యయినది.

వైయాకరణులకు నిందొక విశేషము గలదు. పరోక్షభూతమున లిట్టు వచ్చునన్న సూత్రముకడఁ బరోక్షమన నేమని భాష్యకారుఁడు పలుమతము లుదాహరించెను. నూఱేండ్ల క్రింద జరిగినదని కొందఱు, వేయేండ్లని కొందఱు, రెండుమూఁడు దినములు గడచిన చాలునని మఱికొందఱు; గోడచేతనో చాపచేతనో మఱుఁగుపడినదియే పరోక్షమని వేఱొకరు. శ్రవ్యరూపకశ్రోత గోడకు నీవలనున్నవాఁడు. ఆవల జరుగుచున్నది వానికిఁ గంటితోఁ బరోక్షము, చెవితోఁ బ్రత్యక్షము. మఱియొకచోట, ఎన్నఁడో హతుఁడైన కంసుని గుఱించి వర్తమానప్రయోగ మెట్లు పొసఁగునని శంకించి, ఆడి చూపువారిని, జిత్రములు చూపువారిని జెప్పి, మాటలు మాత్రమే సాధనముగాఁగల గ్రంథికులనుగూడఁ బతంజలి పేర్కొనెను. కంసాదుల వృత్తాంతమును మొదలునుండి వినాశమువఱకుఁ జెప్పుచు, బుద్ధియందున్నవారిని వా రున్నట్లుగాఁ బ్రకాశింపఁజేయుదురఁట. శ్రోతలు రెండుపక్షములై కొందఱు మొగ మెఱ్ఱఁబడి, కొందఱు మొగము నల్లఁబడి విందురఁట. కన్ను లేకయే వర్తమానము సిద్ధించునని దీనివలన స్పష్టము. రూపమను సంజ్ఞ యిట్టిరచనకుఁ జెల్లకపోవచ్చును గాని రూపకసంజ్ఞ చెల్లును. ఆరోపము బుద్ధియం దేర్పడునదే గాని కంటియందు గాదు.

రసవిషయమున నాక్షేపము గలదు. కరుణమునకు హాస్యము విరోధి. ఈడిత్ చచ్చిపడియుండఁగా వంటలక్క పండుగవంటను బొగడుకొనుట నవ్వు పుట్టించుచున్నది. ఇది రసభంగము గాదా? ధ్వనికారమతమున విరుద్ధరసముల నాశ్రయభేదముచే నిర్వహింపవచ్చును. ఇచ్చట నవ్వు చచ్చినదాని కాశ్రయము గాదు. చావును లెక్కచేయనివారి జడత్వమున కాశ్రయము. మొదటిసారి నవ్విన శ్రోత యదేమాటను మూఁడవసారి విన్నప్పుడు నవ్వలేఁడు. తా నెవ్వతెనుఁ గానని, యేమియుఁ గానని ఈడిత్ తన్నుఁ దాఁ జెప్పుకొనును. తక్కినవారందఱు దాని నొప్పుకొనిరి. ఆ యిల్లే ప్రాణము వడసి వీరి చావులను దిని బ్రదుకుచున్నదని తుదకుఁ దెలియును.

మూలకారణ మిది: ఈడిత్ పిదపఁ జార్లీ పుట్టింట వంటలక్క యయినది. తన్ను మనిషిఁగాఁ జూచిన యొక్క చార్లీ వాయునౌకలోఁ జచ్చెనని విని యాత్మహత్య చేసికొనెను. చార్లీ చావలేదు గాన నా చావునకు హేతువు లేదు. హేతువు లేని కార్యము కాలమున గాయమై నిలిచినది. డాక్టరు చేసిన దయ యొకరిని రక్షించి, లెక్కలో లేని యింకొకరిని జంపెను. ఈడిత్‌ను తర్కముచేతఁ గాక, నీ బ్రదుకు విలువగలదని చెప్పియే మరల్పవలసివచ్చును. ఇండియా ఫిషర్ చార్లీగాఁ బలికిన యా ఘట్టమున స్వరభేదమొక్కటియే సాత్త్వికముల నన్నింటిని మోయుచున్నది.

దోషములు లేకపోలేదు. నాల్గవభాగమునఁ గాలవైరుద్ధ్యమును వివరించు సంభాషణము దీర్ఘమై, సభలోఁ బూర్వపక్షసిద్ధాంతములు విన్నట్లుండును. అంతవఱకు వినికిడిచే నడచిన కథ యచ్చట వ్యాఖ్యానముచే నడచుచున్నది. పూర్వకథను విననివానికిఁ బ్రాణభూతమైన చిక్కు సగమే యందును. రామాయణ మెఱుఁగని శ్రోత యుండఁడు గాన భవభూతి కీ భయము లేకపోయెను. టెలివిజన్ కథనుండి చీలిన కథకు, దానినుండి మరలఁ జీలిన కథకు నట్టి లోకప్రసిద్ధి గలదనుకొనుట సాహసము.

దీనిఁ దెలుఁగు చేయఁదలఁచువానికిఁ గథకంటెఁ బిలుపులు కష్టములు. ఆంగ్లమున మధ్యమపురుషసర్వనామ మందఱ కొక్కటియే. సేవకులలోఁ బెద్దవారిని గౌరవపదము చేర్చి యింటిపేరఁ బిలుతురు. ఈడిత్‌ను మాత్ర మొట్టిపేరఁ బిలుతురు. భేదమంతయు నింతలోనే యున్నది. తెలుఁగున నీవు, మీరు, ఒసే, అమ్మా యను పిలుపులు తొలివాక్యముననే యెవ్వ రెంతవారో బయలుపఱచును. ఈడిత్‌ను ‘ఒసే’ యని పిలిచినయెడల మూఁడుభాగములు దాఁచి తుదకుఁ జెప్పవలసినది మొదటనే చెప్పినట్లగును. పిలువనియెడల నా వంటయింటిలోని మాట తెలుఁగుమాట గాకపోవును.